కొండ ఎక్కేవారి కాలకృత్యాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కొండ ఎక్కడానికి ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలో గత సంచికలో రాసినప్పటి నుంచి కర్నూలు, కడప, అనంతపురం పాఠకుల ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. బూట్ల గురించి, ఆయాసం గురించి అడిగినవారికి వచ్చే నెల జవాబిస్తాను. ఈ నెల నాలుగు ఉత్తరాలను విడిగా తీసి పెట్టుకున్నాను. నాలుగింటిలోనూ మొదటి వాక్యం క్షమాపణే: ఇలాంటి సంగతి అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దని. ఇరవై ఏళ్లకు పైగా కర్నూలు నుంచి పిల్లలను కొండలకు తీసుకువెళుతున్నాను. బయలుదేరే ముందు జరిపే సమావేశంలో తాడు గురించి, తిండి గురించి గంటల తరబడి మాట్లాడి, దొడ్డికి ఎక్కడ పోవాలన్న మాట వచ్చేసరికి అందరం నేలచూపులు చూసిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ మౌనం వల్ల మనుషులు జబ్బుపడటం, ఊళ్లు తాగే నీళ్లు పాడవటం కళ్లారా చూశాను కాబట్టి ఇక్కడ దాపరికం లేకుండా రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. నేను అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. డిసెంబరులో మా కళాశాల నుంచి పద్నాలుగు మందిమి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు వెళుతున్నాము. అందులో అమ్మాయిలం ఐదుగురం. అక్కడ మరుగుదొడ్లు ఉండవనీ, గుంత తవ్విన చిన్న గుడారమే ఉంటుందనీ విన్నాము. ఆ నాలుగు రోజులూ నీళ్లు తక్కువ తాగి, తిండి తగ్గించి గడిపేద్దామని నా స్నేహితురాళ్లు అంటున్నారు. రాత్రి చలిలో బయటికి ఎలా పోవాలో, నెలసరి వస్తే ఏం చేయాలో ఇంట్లో అడగలేకపోతున్నాను. దయచేసి చెప్పగలరు.
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: అమ్మా, నీళ్లు తగ్గించే ఆలోచనను నువ్వూ, నీ స్నేహితురాళ్లూ ఇప్పుడే మానుకోండి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి ఊపిరి వేగం పెరుగుతుంది, ఆ చలి గాలి పొడిగా ఉండటం వల్ల ప్రతి శ్వాసతోనూ ఒంట్లోని తేమ కొంత బయటికి పోతుంది. దానికి తోడు శరీరం కొత్త ఎత్తుకు అలవాటుపడే క్రమంలో మూత్రపిండాలు మామూలుకంటే ఎక్కువ మూత్రాన్ని పంపుతాయి. అంటే అక్కడ మాటిమాటికీ ఒంటికి పోవలసి రావడం శరీరం సరిగా పని చేస్తున్నదనడానికి గుర్తు. కేదార్‌కంఠ శిఖరం సుమారు 12,500 అడుగుల ఎత్తు. అంత ఎత్తులో నీళ్లు తాగని మనిషికి తలనొప్పి, వికారం వస్తాయి. ఎత్తు పడకపోతే వచ్చే పర్వత రుగ్మతకూ మొదటి లక్షణాలు అవే. రెండింటిలో ఏది కారణమో తేల్చలేక బృంద నాయకుడు నిన్ను కిందికి దింపవలసి వస్తుంది. ఇక విరేచనాలను ఆపే మాత్ర ముందుగానే వేసుకొని, రెంటికి పోయే పనే లేకుండా చేసుకునేవారిని కూడా చూశాను. రోగం లేకుండా ఆ మాత్ర వేసుకోవడం వల్ల కడుపు బిగుసుకుపోయి, మూడో రోజు నడవలేని స్థితి వస్తుంది. వైద్యుడు చెబితే తప్ప ఆ పని చేయవద్దు.

ఆ గుడారం గురించి చెబుతాను. మనిషి నిలబడగలిగినంత ఎత్తుగా, లోపల ఒక్కరికే చోటుండేలా ఉంటుంది. నడుమ అడుగు వెడల్పున ఒకటిన్నర రెండడుగుల లోతు గుంత, పక్కన తవ్వి పోసిన మట్టి, ఆ మట్టిలో ఒక చిన్న పార ఉంటాయి. పని అయ్యాక రెండు మూడు పారల మట్టి వేసి బయటికి రావాలి. ఈ ఒక్క పని అందరూ చేస్తే ఆ గుంత వాసన రాదు, ఈగలు ముసరవు. ఒక్కరు మానేసినా తరువాత వచ్చినవారు ముక్కు మూసుకొని వెనక్కి తిరిగి చెట్ల చాటుకు పోతారు, వారిని చూసి ఇంకొకరు పోతారు, రెండో రోజుకు శిబిరం చుట్టూ ఎక్కడ అడుగు పెట్టాలో తెలియని పరిస్థితి వస్తుంది. శిబిరాలు పాడవడం నేను చూసినంతవరకు ప్రతిసారీ ఇలాగే మొదలైంది.

మనవాళ్లకు నీళ్లు లేకుండా తృప్తి ఉండదు. అది మంచి అలవాటే. అయితే గడ్డకట్టే చలిలో చెంబెడు నీళ్లు గుమ్మరిస్తే రెండు నష్టాలున్నాయి. గుంతలో మట్టి బురదై కుళ్లడం నెమ్మదిస్తుంది. కాళ్లు పెట్టే చోట ఒలికిన నీళ్లు రాత్రికి రాత్రి మంచుపలకగా మారి, తెల్లవారుజామున చీకట్లో వచ్చినవారు జారి పడతారు. అందుచేత ముందు కాగితంతో శుభ్రం చేసుకొని, ఆ తరువాత చిన్న సీసాలో తెచ్చుకున్న గోరువెచ్చని నీళ్లు కొద్దిగా, గుంతలోనే పడేలా వాడుకోవాలి. తడి రుమాళ్లని అమ్మే వాటిలో చాలా రకాలు ప్లాస్టిక్ నూలుతో చేసినవి, మట్టిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరవు. అవి గుంతలో వేయకూడదు, సంచిలో వెనక్కి తేవాలి.

చేతుల విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. చేతికి రాసుకునే స్పిరిట్ ద్రవం చాలనుకోవడం పొరపాటు. చేతికి మురికి అంటి ఉంటే అది సరిగా పని చేయదు, వాంతులు విరేచనాలు కలిగించే నోరోవైరస్ దానికి లొంగదు. సబ్బు, నీళ్లు, ఇరవై సెకన్ల రుద్దుడు కావాలి. వంట గుడారంలో అడిగితే వెచ్చని నీళ్లు ఇస్తారు, అడగడానికి మొహమాటపడవద్దు. చాలా ఏళ్ల కిందట నేను ఒక బృందంతో మంచు కరిగించి నీళ్లు చేసుకునే శిబిరంలో ఉన్నాను. రాత్రి చలికి భయపడి మాలో ఎవరో దూరం పోకుండా గుడారం వెనుకే కూర్చున్నారు. తెల్లవారేసరికి దాని మీద కొత్త మంచు కురిసింది, అంతా తెల్లగా ఉంది. వంటకు సాయం చేసే కుర్రవాడు అక్కడి మంచునే గిన్నెకు ఎత్తాడు, తొందరలో ఆ నీళ్లు గోరువెచ్చగా కాగాయో లేదో దించేశారు. సాయంత్రానికి నలుగురికి విరేచనాలు పట్టుకున్నాయి, అందులో ఒకరిని వీపున మోసుకొని దింపాము. ఆ పని ఎవరు చేశారో మేము తేల్చలేదు. అందరికీ కలిసి ముందుగా ఒక చోటు చూపించకపోవడం బృందం నడిపినవారి తప్పు, వారికి సహాయకుడిగా ఉన్న నా తప్పు కూడా. అప్పటి నుంచి శిబిరంలో దిగగానే నా మొదటి పని, నీళ్లు లేదా మంచు తీసే వైపు ఒకటి, మరుగు వైపు ఒకటి చేయి చూపించి అందరితోనూ తిరిగి చెప్పించడం. ఇంకొక మాట: 12,500 అడుగుల ఎత్తులో నీళ్లు 87 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ వేడికీ క్రిములు చస్తాయి, కాకపోతే 6,500 అడుగులు దాటాక మూడు నిమిషాలు తెర్లనివ్వాలి.

రాత్రి సంగతికి వస్తే, వెడల్పు మూతి ఉన్న లీటరు సీసా ఒకటి విడిగా పెట్టుకోవడం అన్ని దేశాల పర్వతారోహకులూ చేసే పనే. చీకట్లో తాగే నీళ్ల సీసాతో తారుమారు కాకుండా దాని మెడకు గుడ్డ పట్టీ రెండు చుట్లు చుట్టు, చేతికి తగలగానే తెలుస్తుంది. ఆడవారు నిలబడి పోవడానికి వీలైన సిలికాన్ గరాటులు దొరుకుతాయి. ఇంట్లో పది సార్లు అలవాటు చేసుకున్నాకే కొండకు తీసుకువెళ్లు. ఉదయం ఆ సీసాను మరుగు గుంతలోనే వంచాలి. బయటికి పోవలసి వస్తే ఒక స్నేహితురాలిని లేపి తోడు తీసుకుపో, హెడ్‌ల్యాంప్ వెలుతురు నేల మీదికి ఉంచు. లోపల మనిషి ఉన్నారని తెలియడానికి గుడారం తాడుకు ఎర్ర రుమాలు కట్టే పద్ధతి మా బృందాల్లో ఉంది. జిప్ లాగి చూసే అవసరం లేకుండా అది చాలా మంది మానం కాపాడింది. మీ బృందంలో ఐదుగురు అమ్మాయిలు ఉన్నారు కాబట్టి వేరే గుడారం వేయమని నిర్వాహకులను ఇప్పుడే ఉత్తరం రాసి అడగండి. అది మీ హక్కు.

నెలసరి ఎత్తుకు, చలికి, అలసటకు ముందే రావచ్చు, ఆలస్యం కావచ్చు. తేదీ దగ్గరలో లేకపోయినా సరిపడా ప్యాడ్లు సర్దుకో. వాడినదాన్ని పాత వార్తాపత్రికలో చుట్టి, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, దాన్ని లోపల కనబడని నల్ల సంచిలో పెట్టుకో. సంచి అడుగున కాస్త తినే సోడా, కొంచెం ఎండు టీ పొడి చల్లితే వాసన రాదు. ప్యాడ్‌ను గుంతలో వేయకూడదు, మంటలోనూ వేయకూడదు, అందులో ప్లాస్టిక్ ఉంటుంది. కప్పు వాడే అలవాటు ఉంటే మంచిదే. అది కొండ మీద నేర్చుకునే పని కాదు, రెండు మూడు నెలల ముందు నుంచే ఇంట్లో వాడి చూసుకోవాలి.

నడక దారిలో అవసరం పడితే దారికీ, నీటికీ, గుడారాలకూ డెబ్బై అడుగులు వేసి, అంటే రెండు వందల అడుగుల దూరం జరిగి, తాపీ లాంటి చిన్న పారతో జానెడు లోతు గుంత తీసి, పని అయ్యాక మట్టి పూడ్చి రావాలి. ఇది మట్టి ఉన్న చోట చెల్లే పద్ధతి. డిసెంబరులో మీరు నడిచేది మంచు మీద. మంచులో పూడ్చినది ఎక్కడికీ పోదు, వేసవి రాగానే అది పచ్చికమీద తేలుతుంది, కరిగిన నీటితో వాగులో కలుస్తుంది. ఆ వాగు కింద సాంక్రి వైపు ఊళ్లున్నాయి, గొర్రెల కాపరులున్నారు. మంచు దారిలో మాత్రం సంచి తప్ప వేరే మార్గం లేదు. ఆ సంచి ఎలాంటిదో తరువాతి జవాబులో ఉంది, చదువు. అదే ఉత్తరాఖండ్‌లో రూప్‌కుండ్ దారిలోని బుగ్యాలుల మీద, అంటే ఎత్తైన పచ్చిక మైదానాల మీద రాత్రి గుడారాలు వేయరాదని 2018లో అక్కడి హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. పద్ధతి లేని జనం వల్ల పాడైన చోటు, పద్ధతి తెలిసినవారికి కూడా మూతపడింది.

ప్రశ్న: అయ్యా, నేను కడపలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. మా అబ్బాయి పర్వతారోహణ శిక్షణకు దరఖాస్తు పెట్టాడు. ఎవరెస్టు మీద టన్నుల కొద్దీ మలం పేరుకుపోయిందనీ, ఎక్కేవాళ్లు తమది తామే సంచిలో మోసుకురావాలనీ వాడు చెబితే నమ్మలేకపోయాను. అంత చలిలో అది దానంతట అదే నశించదా? ఇంతకూ ఈ పని షెర్పాల చేత చేయించరా?
– ఒక తండ్రి, కడప

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. నశించకపోవడానికి కారణం ఆ చలే. మన పొలాల్లో ఎరువు కుళ్లి మట్టిలో కలిసిపోయేది సూక్ష్మజీవుల వల్ల. వాటికి వెచ్చదనం కావాలి, తేమ కావాలి. గడ్డకట్టిన చోట అవి పని చేయవు, అందుకని అక్కడ వదిలినది ఎండి, గడ్డకట్టి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ఎవరెస్టు ప్రాంతంలో శుభ్రత చూసే సాగరమాత కాలుష్య నియంత్రణ సంఘం 1991 నుంచి పని చేస్తోంది. మొదటి శిబిరానికీ నాలుగో శిబిరానికీ మధ్య సుమారు మూడు టన్నుల మానవ మలం ఉంటుందనీ, అందులో సగం వరకు సౌత్ కోల్ అనే నాలుగో శిబిరం దగ్గరే ఉంటుందనీ ఆ సంఘం అంచనా. సౌత్ కోల్ ఎత్తు దాదాపు 7,900 మీటర్లు. అక్కడ గాలికి మంచు నిలవదు, రాయి బయటపడుతుంది, ప్రాణవాయువు చాలక మనిషి గుడారం నుంచి నాలుగు అడుగులు వేయడమే గగనం. శిఖరానికి పోయేవారు ఆఖరి రాత్రి మంచు కరిగించుకొని తాగేదీ ఆ చుట్టుపక్కలే.

2024 వసంతం నుంచి నేపాల్‌లో ఎవరెస్టు ప్రాంతపు స్థానిక పాలన చూసే ఖుంబు పసాంగ్‌ల్హాము గ్రామీణ పురపాలక సంస్థ కొత్త నియమం పెట్టింది. పైకి పోయే ప్రతి పర్వతారోహకుడూ ప్రత్యేకమైన సంచులు కొనుక్కొని వెళ్లాలి, తిరిగి వచ్చాక బేస్ క్యాంపులో వాటిని చూపించాలి. ఆ సంచిలో ఒక పొడి ఉంటుంది. అది తడిని పీల్చుకొని ముద్దగా గట్టిపడేలా చేస్తుంది, వాసనను అణచివేస్తుంది. ఒక్కొక్క సంచిని ఐదారు సార్లు వాడవచ్చు. బేస్ క్యాంపులో అప్పటికే గుడారాలు, డ్రమ్ములు ఉండేవి, నిండిన డ్రమ్ములను కిందికి మోయించేవారు. పై శిబిరాల్లోనే ఏ ఏర్పాటూ లేక ఎవరికి తోచినట్టు వారు చేశారు.

ఉత్తర అమెరికాలో అన్నిటికంటే ఎత్తైన దెనాలి పర్వతం మీద ఇదే పాఠాన్ని వాళ్లు ముందుగా నేర్చుకున్నారు. అక్కడ ఏళ్ల తరబడి అందరూ మలాన్ని హిమానీనదపు లోతైన పగుళ్లలోకి విసిరేవారు. కంటికి కనబడదు కాబట్టి పోయిందనుకున్నారు. హిమానీనదం అంటే నెమ్మదిగా పారే మంచు నది. తన కడుపులో పెట్టుకున్నదాన్ని దశాబ్దాల తరువాత కింద ఎక్కడో పైకి తేలుస్తుంది. 1951 నుంచి 2012 వరకు ఆ పర్వతం మీది కహిల్ట్నా హిమానీనదంలో చేరినది 69 నుంచి 97 టన్నుల మధ్య ఉంటుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు, పాతిపెట్టినదాంట్లోని క్రిములు ఏళ్ల తరువాత కూడా బతికే ఉన్నాయని తేల్చారు. ఆ లెక్క తేలకముందే మూత గట్టిగా బిగుసుకునే చిన్న డబ్బాలను ఎక్కేవారికి ఇవ్వడం మొదలుపెట్టారు. 2018 నుంచి 14,200 అడుగుల శిబిరానికి దిగువన వచ్చిన మలమంతా ఆ డబ్బాల్లో కిందికి తేవలసిందే. దక్షిణ అమెరికాలోని అకాంకాగువా మీద ఎక్కేవారికి అంకె వేసిన సంచి ఇస్తారు, దిగేటప్పుడు ఆ అంకె చూసి వెనక్కి తీసుకుంటారు. మా బృందాల్లోనూ కొన్నేళ్లుగా సంచికి పేరు రాసే అలవాటు పెట్టాను. పేరు ఉన్న సంచిని ఎవరూ దారిలో జారవిడవరు.

మీ చివరి ప్రశ్న నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. షెర్పాల చేత చేయించేవారు ఉన్నారు. డబ్బు ఇచ్చాము కదా అంటారు. మన హిమాలయ యాత్రల్లోనూ మరుగు గుడారం వేసేది, గుంత పూడ్చేది, డ్రమ్ము మోసేది జట్టులో అందరికంటే తక్కువ కూలి తీసుకునే కుర్రవాడే. కోలార్ బంగారు గనుల ఊళ్లో, పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, మనిషి మలాన్ని మనిషి చేతులతో ఎత్తే పని ఈ దేశంలో ఉండకూడదని జీవితమంతా పోరాడుతూ వచ్చారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అలా చేయించడం నేరమని 2013లో మనం చట్టం చేసుకున్నాము. ఊళ్లో నేరమైనది కొండ మీద సేవ ఎలా అవుతుంది? తాను వదిలినదాన్ని తాను మోసుకురాగలిగినంత బలం మిగుల్చుకోలేనివారు ఆ ఎత్తుకు పోకూడదని నా అభిప్రాయం. శిక్షణలో చేరే మీ అబ్బాయికి ఈ మాట తాడు ముడి నేర్పక ముందే చెప్పండి. ఒంట్లో బాగాలేక లేవలేని తోటివాడి సంచిని మోయవలసి వచ్చినప్పుడు మారుమాట లేకుండా మోయాలని కూడా చెప్పండి, అది వేరే సంగతి.

ప్రశ్న: అయ్యా, మాది ఉమ్మడి కర్నూలు జిల్లా ఆత్మకూరు దగ్గరి పల్లె. ఉగాదికి ముందు నల్లమల దారిలో శ్రీశైలానికి నడిచిపోయే భక్తులకు మా యువకులం అన్నం, మజ్జిగ ఇస్తుంటాము. కర్ణాటక నుంచి వేలాదిగా వస్తారు. వారు పోయిన తరువాత కొలనుల చుట్టూ నిలబడలేము. భక్తితో నడిచేవారిని ఏమనగలం? మా చేతిలో ఏముంది?
– అన్నదానం చేసే ఒక రైతు

జవాబు: మీరు చేస్తున్న పనికి ముందుగా నమస్కారం. ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టే చోట, తిన్న మనిషికి అవసరమయ్యే రెండో ఏర్పాటు కూడా అన్నదానంలో భాగమేనని మీ బృందం అనుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే ఆ బాటలో నేనూ నడిచాను. ఎండాకాలం మొదలయ్యే వేళ ఆ కొలనుల్లో నీళ్లు పారవు, నిలిచి ఉంటాయి. ఒడ్డున కూర్చున్నదంతా మొదటి వానకు అందులోకే చేరుతుంది. భక్తులు రెండు రోజుల్లో వెళ్లిపోతారు. ఆ నీళ్లు తాగి బతికే చెంచు గూడేలవారు, అడవి జంతువులు అక్కడే ఉంటారు. టైఫాయిడ్, కామెర్లు, అతిసారం నీటి గుండా వచ్చేది ఇలాగే.

అది పులుల అభయారణ్యం కాబట్టి పారతో నేల ముట్టుకునే ముందు అటవీశాఖ అధికారుల అనుమతి తీసుకోండి. అనుమతి వస్తే, కొలనుకు కనీసం రెండు వందల అడుగుల దూరంలో, కొలనులోకి నీరు వాలే ఎత్తు వైపు కాకుండా పక్కకు, అడుగు వెడల్పు, మోకాలి లోతు పొడవైన కందకాలు తవ్వండి. తవ్విన మట్టిని అంచునే కుప్పలుగా ఉంచి, ప్రతి కుప్పలో ఒక డబ్బా పెట్టండి. గోనెపట్టాలతో, తాటాకు తడికెలతో మరుగు కట్టి, ఆడవారి వైపు వేరుగా, దారికి దూరంగా, దీపం వెలుతురు పడేలా ఏర్పాటు చేయండి. కందకం అంచుకు జానెడు మిగిలి ఉండగానే పూర్తిగా పూడ్చి, పైన రాళ్లు పేర్చాలి, లేకపోతే పందులు తవ్వుతాయి. బయట చేతులు కడుక్కునే చోటు తప్పనిసరి: ఐదు లీటర్ల నూనె డబ్బాకు మూతి దగ్గర చిల్లు పెట్టి కర్రకు వేలాడదీసి, తాడు ఒకటి కట్టి కాలితో నొక్కితే వంగేలా చేస్తే, చేత్తో డబ్బాను ముట్టకుండానే నీళ్లు వస్తాయి, పక్కన సబ్బు వేలాడుతుంది. ఖర్చు చాలా తక్కువ. బోర్డులు కన్నడంలోనూ రాయించండి. రాయించకుండా ఎవరూ వినడం లేదనడం న్యాయం కాదు.

వాహనం పోగలిగిన చోట్ల జీవ మరుగుదొడ్లు పెట్టమని దేవస్థానాన్ని, అధికారులను అడగవచ్చు. చలి ప్రాంతాల్లోని సైనికుల కోసం రక్షణ పరిశోధనా సంస్థ డీఆర్‌డీఓ అభివృద్ధి చేసిన పద్ధతి అది. తొట్టిలోని సూక్ష్మజీవులు మలాన్ని నీరుగా, వాయువుగా మార్చేస్తాయి. మన రైలు పెట్టెల కింద ఇప్పుడు ఉన్నవి అవే.

భక్తులను ఏమనగలమని అడిగారు. దారిలో, నీటిలో, దున్నిన చేనులో, కొండ మీద మూత్ర విసర్జన చేయరాదని మన పాత ధర్మశాస్త్రాల్లోనే ఉంది. మల్లన్న కొండకు నడిచేవారికి ఆ మాట గుర్తు చేస్తే కోపం తెచ్చుకోరు. మజ్జిగ గ్లాసు చేతికి ఇస్తూ, కుడివైపు మరుగు ఉంది, దయచేసి కొలను వైపు పోవద్దని ఒక్కొక్కరికీ చెప్పే పిల్లవాడిని ఒకరిని నిలబెట్టండి. బోర్డు కంటే వాడి మాట ఎక్కువ పని చేస్తుంది.

ప్రశ్న: సార్, మేము జమ్మలమడుగు కుర్రాళ్లం. సెలవుల్లో గండికోట లోయ అంచున టెంట్లు వేసుకొని రాత్రి ఉంటాము. అక్కడంతా బండరాయి, గుంత తవ్వడానికి వీలు కాదు. ఏం చేయమంటారు?
– మిత్రబృందం, జమ్మలమడుగు

జవాబు: రాతి నేల మీద పూడ్చడం కుదరదు, రాళ్ల సందుల్లో వదిలినది ఎండకు ఎండి, గాలికి దుమ్ముగా లేచి, వానకు తిన్నగా పెన్నలోకి దిగుతుంది. ఆ నీళ్లు దిగువ ఊళ్లవి, మీ ఊరివి కూడా. అందుకని చీకటి పడకముందే అక్కడ కట్టి ఉన్న మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకొని, దానికి నడిచిపోగలిగినంత దూరంలోనే టెంటు వేసుకోండి. రాత్రి లోయ అంచున చీకట్లో చాటు వెతుక్కుంటూ పోవడం ప్రాణాపాయం, ఆ ఒక్క కారణమైనా మీకు చాలాలి. దూరంగా ఉండక తప్పకపోతే మూత గట్టిగా పట్టే పెయింటు డబ్బా ఒకటి, లోపల మందమైన రెండు సంచులు, వాటిలో వేయడానికి రంపపు పొట్టు గానీ బూడిద గానీ తీసుకువెళ్లండి. ప్రతిసారీ పైన రెండు గుప్పెళ్లు చల్లి మూత వేయండి. తెల్లవారి ఆ సంచిని దారిలో చెత్తకుండీలో పడేయకుండా ఊరికి తెచ్చి, లోపలిది మరుగుదొడ్డిలో వంచి, సంచిని విడిగా కట్టి చెత్తబండికి ఇవ్వండి, డబ్బాను బ్లీచింగ్ పొడి నీళ్లతో కడిగి ఎండలో బోర్లించండి. డబ్బా మోసే వంతు ఎవరిదో బయలుదేరే ముందు చీటీలు వేసి తేల్చుకోండి, తెల్లవారాక తేల్చుకుందామనుకుంటే అది అక్కడే ఉండిపోతుంది.